ప్రమాణం అక్కడ... పత్రాలు ఇక్కడ

అమెరికా పౌరులవుతున్న పిల్లలు - ఊళ్ళో పెద్దలకు తెలియవలసిన సంగతులు

అబ్బాయికి అమెరికా పౌరసత్వం వచ్చిందన్న కబురు కృష్ణా డెల్టా పల్లెల్లో ఇప్పుడు వింతేమీ కాదు. నలుగురికీ మిఠాయి పంచుతారు. ఒక చేతిలో చిన్న జెండా, మరో చేతిలో సర్టిఫికెట్ పట్టుకుని అబ్బాయి దిగిన ఫొటో ఫోనులో చూపిస్తారు. ఆ సంబరం ఆ పూటకే. మర్నాడు పొద్దున్నే టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు అననే అంటారు: "అయితే ఇంక మీవాడు మన దేశం వాడు కాదన్నమాట! మరి ఆ రెండెకరాల సంగతేమిటండీ?" ఇక ఆ తండ్రికి రాత్రి నిద్ర పట్టదు.

ఇలాంటి సందేహాలకు ఊళ్ళో జవాబులకేమీ కొదవలేదు. భూమిని సర్కారు లాగేసుకుంటుందని ఒకరు చెబుతారు. ఇప్పుడు రెండు దేశాల పౌరసత్వమూ పెట్టుకోవచ్చునని ఇంకొకరు ధైర్యం చెబుతారు. అంతా అక్కడే చూసుకుంటారు, మనకేమీ పని లేదని మరొకరు తేల్చేస్తారు. మూడూ తప్పే. ప్రమాణం చేయడం అక్కడ రెండు నిమిషాల పని. దానికి ముందూ వెనకా నడిచే కాగితాల వ్యవహారం ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆ కాగితాల్లో చాలా వరకు పంచాయతీ ఆఫీసులోనో, బడిలోనో, ఇంట్లో ఇనప్పెట్టెలోనో ఉంటాయి.

పొలం ఎక్కడికీ పోదు

ముందుగా పొలం సంగతే చూద్దాం, అందరికీ బెంగ దానిమీదే కనుక. పౌరసత్వం మారినంత మాత్రాన ఉన్న భూమి పోదు. ఇక్కడ కాపురం ఉన్న రోజుల్లో కొనుక్కున్నది అతనిదే. తండ్రి తదనంతరం వారసత్వంగా రావలసిన పొలమూ నిక్షేపంగా వస్తుంది. విదేశీ మారకద్రవ్య చట్టం కింద 2019లో వచ్చిన నిబంధనలు ఈ మాట స్పష్టంగానే చెబుతున్నాయి.

అడ్డంకి ఉన్నది కొనడానికీ, దానంగా పుచ్చుకోవడానికీ. విదేశంలో స్థిరపడినవారు ఇక్కడ వ్యవసాయ భూమి గానీ, తోటలు గానీ, ఫారంహౌసు గానీ కొనరాదు. ఇళ్ళస్థలం, ఇల్లు, అపార్టుమెంటు కొనుక్కోవచ్చు. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఈ ఆంక్ష అమెరికా పౌరుడైన తర్వాత కొత్తగా వచ్చిపడేది కాదు. భారత పాస్‌పోర్టుతోనే అక్కడ స్థిరపడి ఉన్న ప్రవాసికీ ఇదే నియమం. "పౌరసత్వం రాకముందే అబ్బాయి పేర నాలుగెకరాలు కొనేద్దాం" అనుకునే పెద్దలు ఇది గమనించాలి.

ఇంతకంటే పెద్ద పొరపాటు దాన సెటిల్‌మెంటు దగ్గర జరుగుతోంది. "నేను ఉండగానే పిల్లల పేర రాసేస్తే తర్వాత గొడవలుండవు" అన్నది పెద్దల ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ విదేశంలో ఉన్న కొడుకుకు గానీ కూతురికి గానీ పొలాన్ని దానంగా రాయడానికి ఆ నిబంధనలు ఒప్పుకోవు. ఇంటిని రాయవచ్చు, పొలాన్ని రాయకూడదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని జరిగిపోయినా, తర్వాత అమ్మబోయేటప్పుడో, డబ్బు విదేశానికి పంపబోయేటప్పుడో ఈ తిరకాసు బయటపడుతుంది. పొలానికి సరైన దారి వీలునామా. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించడమే మేలు.

వారసత్వంగా వచ్చిన పొలాన్ని పిల్లలు అమ్ముకోవచ్చు. అయితే కొనేవారు ఇక్కడ నివాసం ఉన్నవారై ఉండాలి. అక్కడే ఉన్న మరో ఆంధ్రునికి అమ్మడానికి వీల్లేదు. స్వయంగా రాలేనివారు ఇక్కడ ఒకరికి అధికార పత్రం రాసి పంపుతారు. దానిని అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరింపజేయాలి, లేదా నోటరీ చేయించి అపోస్టిల్ ముద్ర వేయించాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి. ఆ మూడు నెలల గడువు ఎవరికీ గుర్తుండదు. బీరువాలో పెట్టి, కోతలయ్యాక చూద్దామనుకుంటారు!

రోజుల లెక్క

అమెరికా పౌరసత్వం అడిగినవారికల్లా దొరికేది కాదు. మన దేశం వారికైతే ఒకప్పుడు చట్టమే తలుపు మూసింది. భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో కొత్త చట్టం వచ్చేదాకా అదే పరిస్థితి. భీమవరంలో పుట్టి, అక్కడి ప్రయోగశాలల్లో పాతికేళ్ళపాటు పనిచేసి, ప్రపంచానికి గొప్ప మందులు అందించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో కన్నుమూసేనాటికి కూడా ఆ దేశ పౌరుడు కారు.

ఇప్పుడు చట్టం అడ్డు కాదు, వరస అడ్డు. ముందు గ్రీన్ కార్డు రావాలి. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులలో ఏ ఒక్క దేశం వారికీ ఏటా సుమారు 7 శాతానికి మించి ఇవ్వరాదన్నది 1990 నాటి నియమం. మన దేశం నుంచి వెళ్ళినవారు లక్షల్లో ఉన్నారు కనుక వరస కొండవీటి చాంతాడంత పొడుగు. గ్రీన్ కార్డు వచ్చాక మరో ఐదేళ్ళు ఆగాలి. అమెరికా పౌరుణ్ణి పెళ్ళి చేసుకుని కలిసి కాపురం చేస్తున్నవారికి మూడేళ్ళు చాలు. గడువుకు 90 రోజుల ముందే దరఖాస్తు పెట్టవచ్చు.

ఆ ఐదేళ్ళలో కనీసం 30 నెలలు ఆ దేశంలో ఉండాలి. ఒకే విడతలో ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిందేమోనని సందేహిస్తారు, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత దరఖాస్తుదారుదే. ఏడాది దాటితే తెగినట్టే. పురిటికని వచ్చి పుట్టింట్లో ఏడెనిమిది నెలలు ఉండిపోయే ఆడపిల్లలు, తండ్రి జబ్బు చూసుకోవడానికి వచ్చి ఆగిపోయే కొడుకులు చిక్కుకునేది ఇక్కడే. "ఇంకో నెల ఉండవే తల్లీ" అని అమ్మ బతిమాలేటప్పుడు అమ్మాయి ఎందుకు లెక్కలు చూసుకుంటున్నదో తల్లికి తెలియాలి. అది ప్రేమ లేక కాదు.

దరఖాస్తు పేరు ఎన్-400. 2024 ఏప్రిల్ నుంచి దాని రుసుము ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760. తర్వాత వేలిముద్రలు, ఇంటర్వ్యూ, పరీక్ష. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవారికి పరీక్ష కాస్త బిగించారు. అంతకుముందు 100 ప్రశ్నల జాబితాలో 10 అడిగి 6 చెబితే చాలనేవారు. ఇప్పుడు 128 ప్రశ్నల జాబితా, 20 అడుగుతారు, 12 చెప్పాలి. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవాలి, ఒకటి రాయాలి. చదువుకున్న పిల్లలకు ఇదేమంత కష్టం కాదు. ప్రమాణం చేయకముందే ఓటు వేయడం, ఏదైనా ఫారంలో "నేను పౌరుణ్ణి" అని టిక్కు పెట్టడం మాత్రం మహా ప్రమాదం. దేశం నుంచి పంపించివేసేంత నేరమది.

ఇంటిపేరుతో చిక్కు

తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే బాధ పేర్లతో. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టు ఫారం నింపేటప్పుడు కొందరు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, వెంకట సాయి లక్ష్మీ ప్రసన్న అన్నట్టు పొడుగాటి పేరంతా ఒకే గడిలో రాశారు. అమెరికా వీసా ఇచ్చేవారు ఆ పేరంతా ఇంటిపేరుగా వేసి, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని మూడక్షరాలు అచ్చువేశారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. బారసాల చేసి, బియ్యంలో రాసి మరీ పెట్టిన పేరు తెలియదట!

అందుకే పౌరసత్వం తీసుకునేటప్పుడు చాలామంది పేరు సవరించుకుంటారు. ఎన్-400లోనే ఆ కోరిక రాయవచ్చు, కోర్టులో ప్రమాణం జరిగితే జడ్జి ఆ మార్పు మంజూరు చేస్తారు. అక్కడికి బాగానే ఉంది. కానీ ఊళ్ళో పట్టాదారు పాసుపుస్తకంలో, బడి రికార్డులో, తాతగారి వీలునామాలో పాత పేరే ఉంటుంది. పదేళ్ళ తర్వాత ఆ పేరుగల మనిషీ, ఈ పేరుగల మనిషీ ఒకరేనని రుజువు చేయడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. వీలునామా రాయించే పెద్దలు పిల్లల రెండు పేర్లూ అందులో రాయించడం, పేరు మార్పు ఉత్తర్వు నకలు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

పుట్టినతేదీ మరో కథ. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, 1970 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తర్వాత కూడా పల్లెల్లో ఇంటి దగ్గర జరిగిన కాన్పులు చాలా వరకు పుస్తకానికి ఎక్కలేదు. బడిలో వేసిననాడు మాస్టారు ఒక తేదీ అనుకుని రాస్తే అదే జన్మదినమైంది. పౌరసత్వ దరఖాస్తుకు సాధారణంగా జనన ధ్రువపత్రం అడగరు గానీ, అంతకుముందు గ్రీన్ కార్డు నాడు అడుగుతారు. ఆ తర్వాత పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకునేటప్పుడు మళ్ళీ అదే పత్రం కావాలి, అందులో తల్లిదండ్రుల పేర్లు ఉండాలి. తల్లి పేరు ఒక చోట సీతమ్మ అనీ, ఇంకొక చోట సీతామహాలక్ష్మి అనీ ఉంటే అప్పుడు తెలుస్తుంది తమాషా.

రికార్డులో పేరు లేకపోతే ముందు లేదని ధ్రువపత్రం తీసుకోవాలి. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయించడానికి మేజిస్ట్రేటు అధికారం గల రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి, మామూలుగా ఆ పని ఆర్డీఓ ఆఫీసులో నడుస్తుంది. మంత్రసానీ, పురుడు చూసిన పెద్దలూ బతికి ఉండగానే ఈ పని చేయించుకున్నవారు అదృష్టవంతులు.

రెండు పాస్‌పోర్టుల నడుమ

అన్నిటికంటే గుండె గుబుక్కుమనిపించేది ప్రమాణం తర్వాత వచ్చే కొద్ది వారాలు. దీని గురించి ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోరు.

మన రాజ్యాంగం 9వ అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం, కోరి మరో దేశ పౌరసత్వం తీసుకున్నవారి భారత పౌరసత్వం ఆ క్షణానే పోతుంది. ఎవరూ రద్దు చేయనక్కరలేదు. ఇంట్లో భారత పాస్‌పోర్టు ఇంకా ఆరేళ్ళ గడువుతో ఉండవచ్చు, దానిమీద ప్రయాణం చేస్తే మాత్రం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం కింద నేరం. గ్రీన్ కార్డేమో ప్రమాణం రోజునే తిరిగి తీసేసుకుంటారు. అమెరికా పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటే, అసలు పౌరసత్వ సర్టిఫికెట్టు కూడా దానితో జతచేసి పంపాలి. అది రావడానికి వారాలు పడుతుంది, అదనపు రుసుము కడితే కొంత తొందరగా వస్తుంది. అది వచ్చాక భారత పాస్‌పోర్టును అప్పగించి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని, ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టాలి. దానికి మరికొన్ని వారాలు.

ఆ మధ్యలో తండ్రికి గుండెపోటు వచ్చిందని కబురు వెళితే? కొడుకు చేతిలో ఏమీ లేదు. ఇక్కడ కర్మ చేసే వేళకు అందుకోలేని పరిస్థితి వచ్చేది ఇలాంటప్పుడే.

దీనికి దారి లేకపోలేదు. దగ్గరి రక్తసంబంధీకులు చనిపోయినా, ప్రాణాపాయ స్థితిలో ఉన్నా అమెరికా పాస్‌పోర్టు ఆఫీసులు అత్యవసరంగా పాస్‌పోర్టు ఇస్తాయి. అందుకు రుజువు కావాలి. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద డాక్టరు సంతకంతో రాసిన ఉత్తరమో, మరణ ధ్రువపత్రమో ఇంగ్లీషులో ఉండాలి, తెలుగులో ఉంటే అనువాదం జతచేయాలి. తర్వాత భారత వీసా కావాలి. ఈ-వీసా గానీ, కాన్సులేటు ఇచ్చే అత్యవసర వీసా గానీ తీసుకోవచ్చు. అంటే ఆ గడియలో ఊళ్ళో ఉన్నవారు చేయవలసిన మొదటి పని డాక్టరు దగ్గర ఇంగ్లీషు కాగితం రాయించి ఫోనులో పంపడం. ఏడుస్తూ ఫోను చేసినంత మాత్రాన విమానం ఎక్కలేరు.

ముహూర్తాల విషయంలోనూ ఇంతే. ప్రమాణం తేదీ ఉత్తరం ద్వారా వస్తుంది, ఏ రోజని ముందుగా చెప్పలేరు. చెల్లెలి పెళ్ళి మాఘమాసంలో పెట్టుకుని, అన్నకు ప్రమాణం సంక్రాంతి వెళ్ళాక పడితే ఇబ్బందే. తగిన కారణం రాసి మరో తేదీ అడిగే వీలు ఉంది. అడిగి, పాత పాస్‌పోర్టు మీదనే పెళ్ళి చూసుకుని వెళ్ళి, తర్వాత ప్రమాణం చేయడం తెలివైన పని.

ఓసీఐ అంటే ఓటు కాదు

ఓసీఐ కార్డు పథకాన్ని 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. దాని పేరులో పౌరసత్వం అన్న మాట ఉండటంతో రెండు పౌరసత్వాలన్న భ్రమ పుట్టింది. నిజానికి అది జీవితకాలపు వీసా. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు, ఉద్యోగ వ్యాపారాలు చేసుకోవచ్చు. ఓటు లేదు, సర్కారు కొలువు లేదు, సర్పంచిగానైనా నిలబడరాదు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులకు 2011 నుంచి ఓటు హక్కు ఉంది, వారైతే స్వయంగా వచ్చి వేయాలి. పౌరసత్వం వదులుకున్నవారి పేరు ఓటర్ల జాబితాలో ఇంకా ఉంటే తీయించడం కుటుంబం పని. ఊళ్ళో పార్టీల వేడి తెలిసిందే కదా, ఎవరో ఒకరు ఫిర్యాదు పెట్టకుండా ఉండరు.

తిరిగి భారత పౌరుడు కావడం అసాధ్యం కాదు గానీ సులువు కాదు. ఓసీఐ కార్డు తీసుకుని ఐదేళ్ళయి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివాసం ఉన్నవారు అడగవచ్చు. ఆ పన్నెండు నెలల విలువ ఎంతో వేములవాడ కేసు చెబుతుంది. అక్కడ పలుమార్లు శాసనసభ్యుడైన చెన్నమనేని రమేశ్ 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకుని, 2009లో తిరిగి భారత పౌరసత్వం పొందారు. దరఖాస్తుకు ముందు ఏడాదిలో చేసిన విదేశీ ప్రయాణాలను దాచారన్న వివాదం ఏళ్ళ తరబడి నడిచింది. కేంద్ర హోంశాఖ ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, 30 లక్షల రూపాయలు కట్టమంది. ఎమ్మెల్యేకే రోజుల లెక్క తప్పలేదు.

అప్పగించిన భారత పాస్‌పోర్టును రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారు. పారేయకూడదు. ఓసీఐకీ, తర్వాత ఆస్తి వ్యవహారాలకూ ఆనవాలు అదే. పైగా కొత్త అమెరికా పాస్‌పోర్టులో పుట్టినచోటు అన్న గడిలో ఇండియా అని మాత్రమే ఉంటుంది. ఊరి పేరు ఉన్నది ఆ పాత పుస్తకంలోనే.

తల్లిదండ్రుల వంతు

కొడుకో కూతురో పౌరులయ్యాక వచ్చే ఫోను ఇదే: "నాన్నా, ఇక మీకు గ్రీన్ కార్డు పెడతాను." గ్రీన్ కార్డుదారుకు ఆ హక్కు లేదు, 21 ఏళ్ళు నిండిన పౌరునికి ఉంది. తల్లిదండ్రుల వీసాలకు సంఖ్యా పరిమితి లేదు కనుక వరసలో ఏళ్ళ తరబడి నిలబడనక్కరలేదు. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ పెట్టవచ్చు గానీ వారి నిరీక్షణ పదేళ్ళు దాటే మాట.

సరే అనేముందు పెద్దలు ఆలోచించుకోవాలి. గ్రీన్ కార్డు అంటే అక్కడే కాపురం. ఊళ్ళో ఏడాదిపాటు ఉండిపోతే కార్డుకు ముప్పు, ముందుగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకుంటే రెండేళ్ళ దాకా వెసులుబాటు. తామూ పౌరులం అవుదామంటే ఇంగ్లీషు అడ్డం వస్తుంది. 55 ఏళ్ళు దాటి, గ్రీన్ కార్డు మీద 15 ఏళ్ళు గడిపినవారికి, 50 దాటి 20 ఏళ్ళు గడిపినవారికి ఇంగ్లీషు నుంచి మినహాయింపు ఉంది, ప్రశ్నలకు దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. అరవై ఏళ్ళ వయసులో వెళ్ళిన తండ్రికి ఆ సౌకర్యం దక్కేది డెబ్బయి ఐదో ఏట! మతిమరుపు వంటి జబ్బులున్నవారికి డాక్టరు ధ్రువపత్రం మీద వేరే మినహాయింపు ఉంది.

ఇంకొకటి. ఊరి బ్యాంకులో తండ్రీకొడుకుల పేర ఉమ్మడి ఖాతా ఉండటం పరిపాటి. అమెరికాలో పన్ను కట్టేవారు విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అక్కడి ఖజానా శాఖకు తెలపాలి, లేకుంటే జరిమానా భారీగా పడుతుంది. ధాన్యం అమ్మిన డబ్బు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు తండ్రివే అయినా ఖాతాలో పేరుంటే కొడుకు లెక్క చెప్పాల్సిందే. ఆ ఖాతాలో ఎంత ఉందో అబ్బాయికి ఏటా చెప్పాలి, లేదా అతని పేరు తీయించి నామినీగా మార్చాలి.

ఇవన్నీ చూసి చాలామంది తల్లిదండ్రులు పదేళ్ళ సందర్శక వీసాతోనే సరిపెట్టుకుంటున్నారు. సార్వా కోతలయ్యాక వెళ్ళి, మనవళ్ళతో ఉండి, ఆరు నెలలు నిండేలోగా తిరిగి వచ్చి నారుమళ్ళు చూసుకుంటున్నారు. ఓటు, పాసుపుస్తకం ఊళ్ళోనే ఉంటున్నాయి.